మొదట తాకిన చెయ్యి

రెండు వేల ముప్పై ఆరు, జూన్ పద్నాలుగు. ఆ మధ్యాహ్నం మేము తిన్నవి జొన్నరొట్టెలు, ముద్దపప్పు, కాల్చిన పచ్చిమిరపకాయలతో నూరిన ఉల్లిగడ్డ తొక్కు. రొట్టెలు నేనే చేశాను. మా ఆవిడ సులోచన పోయి అప్పటికి ఏడేళ్లు. నా రొట్టె గుండ్రంగా రావడం మాత్రం ఆ ఏడాదే మొదలైంది. మా అమ్మాయి స్వరూప నా పళ్లెంలోంచి వేలికొనంత పప్పు తీసి, పక్కన పెట్టుకున్న డబ్బా మీది గాజుబిళ్లకు రాసింది. ఆ డబ్బా టిఫిన్ క్యారియర్‌లో ఒక గిన్నె అంత ఉంటుంది. అందులో ముందే ఒక పేరు కొట్టి ఉంచింది. రెండు నిమిషాలు మేమిద్దరం నమలడం కూడా మానేశాం. పచ్చ దీపం వెలిగింది.

"బస్వరాజ్ చెయ్యే నాన్నా!" అంది స్వరూప. "కుక్కర్లో నాలుగు విజిల్స్ వచ్చిన పప్పు ఇది. అయినా పట్టుకుంది."

ఆ కందులు రాళ్లగణపూర్ బస్వరాజ్ చేనువని మాకిద్దరికీ తెలుసు. జనవరిలో అతనే తెచ్చి మా వరండాలో దింపిపోయాడు. తెలిసిన సంగతినే ఒక డబ్బా చెబితే అంత ఆనందం ఎందుకో ఆ రోజు నాకు తట్టలేదు. కూతురు సంతోషంగా ఉంది, అది చాలనుకుని ఇంకో రొట్టె వేశాను.

ఆ రోజుల్లో నగరానికి రైతు మీద ప్రేమ పుట్టుకొచ్చింది. పెద్ద హోటళ్లలో వడ్డన అయ్యాక అందరూ లేచి నిలబడి, పండించినవాణ్ని తలుచుకుంటూ అరనిమిషం కళ్లు మూసుకునేవారు. ఆ అరనిమిషంలో అన్నం చల్లారేది. అపార్ట్‌మెంట్లవాళ్లు 'మా డ్రైవర్', 'మా పనిమనిషి' అన్నంత సులువుగా 'మా రైతు' అనడం నేర్చుకున్నారు. సంచి మీద రైతు బొమ్మ, బొమ్మ కింద సంతకం. కొన్నాళ్లకు ఆ బొమ్మల్లో తలపాగా చుట్టుకున్నవాళ్లు సినిమాల్లో గుంపులో నిలబడే మనుషులని బయటపడింది. అభిమానులు బాగా నొచ్చుకున్నారు. రైతుకు అన్యాయం జరిగిందని కాదు. తమ చప్పట్లు వేరేవాళ్లకు పోయాయని. అప్పటినుంచి వాళ్లకు రుజువు కావాల్సి వచ్చింది. 'ఆనవాలు' అనే కంపెనీ పుట్టింది. స్వరూపకు ల్యాబ్ ఇచ్చింది.

మనిషి అరచేతిలో కంటికి కనిపించని జీవులు కాపురముంటాయి. ఏ జాతి ఎంత ఉందన్నది ఒకరి చేతికీ ఇంకొకరి చేతికీ కలవదు. విత్తనాన్ని తడిమట్టిలో కలిపేటప్పుడు వాటిలో కొన్ని గింజ మూతి దగ్గరి సందులో దూరి కూర్చుంటాయి. మొలకతో పాటు పైకెక్కి, పూతలోకి, కాయలోకి, కొత్త గింజలోకి చేరతాయి. ఉడికిస్తే చస్తాయి గానీ వాటి ఆనవాలు చావదు. తొమ్మిదేళ్లు కష్టపడి మా అమ్మాయి కనిపెట్టింది అదే. పళ్లెంలోని మెతుకును బట్టి, దాన్ని మట్టిలో పెట్టిన చెయ్యి ఎవరిదో చెప్పవచ్చు.

పరీక్షకు ఆమె రాళ్లగణపూర్‌ను ఎంచుకోవడానికి కారణం వాళ్లమ్మ. సులోచన ఆ ఊరి బడిలో పద్దెనిమిదేళ్లు పాఠాలు చెప్పింది. నేను తాండూరు కాలేజీలో బోటనీ లెక్చరర్‌గా పనిచేసి రిటైరైనా, ఆ ఊళ్లో నాకు ఈనాటికీ సొంత పేరు లేదు. 'టీచరమ్మ సారు' అంటారు. చదువుకు దక్కిన గౌరవాలన్నిటిలో నాకు అదే ఇష్టం.

ఆ ఊళ్లో మొగులమ్మ అని ఒక ముసలామె ఉంది. డెబ్బై దాటాయి. సెంటు భూమి లేదు, వెనకా ముందూ ఎవరూ లేరు. మృగశిర కార్తెలో వాన పడగానే కంది విత్తనాలకు ఎర్రమన్ను పట్టిస్తారు. ఆ తడిమన్నులో, గింజల్లో మొదట మొగులమ్మ చెయ్యి పడాలి. ఆమె రెండు చేతులా గింజలన్నీ తిప్పి లేచాకే ఇంటివాళ్లు ముట్టుకుంటారు. విత్తనమే కాదు, కొత్త మోటారైనా, కొత్త ట్రాక్టరైనా, ఊళ్లోకి ఏ కొత్త వస్తువు వచ్చినా మొదటి చెయ్యి ఆమెదే. ఎప్పుడు మొదలైందో ఎవరికీ గుర్తులేదు. ఆమె చేత్తో వేసిన ఏడు అందరికీ పంట బాగా వచ్చిందట, అంతే. పంట ఇంటికి రాగానే ఇంటికో శేరు కందులు ఆమె చాటలో పోస్తారు. ఆమె ఏడాది బతుకు ఆ శేర్లే.

ఆ మే నెలలో కంపెనీ పిల్లలు చేతులు నమోదు చేసుకోవడానికి ఊరికి వచ్చినప్పుడు నేనూ వెళ్లాను. బస్వరాజ్ ఇంటి అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాను.

"యజమాని ఎవరండీ? మీ చెయ్యి ఇక్కడ పెట్టండి," అని కంపెనీ అమ్మాయి డబ్బా చాపింది.

"ఆగు బిడ్డా, ఆగు," అన్నాడు బస్వరాజ్. "కొత్త సామాను గద. ముందుగాల మా అవ్వ వెట్టాలె. అవ్వా! ఓ మొగులమ్మవ్వా! జర ఇటు రా!"

మొగులమ్మ కొంగు దులుపుకుంటూ వచ్చింది. "ఏందిరా ఇది? షాక్ గొడ్తదా?"

"కొడితె నీకే కొట్టనియ్యి. ముసల్దానివి, నువ్వు ఉండి ఏం జేస్తవ్."

"నీ నోట్ల మన్నువడ," అంటూ ఆమె చెయ్యి పెట్టింది. అందరూ నవ్వారు. డబ్బా కుయ్ మంది. అమ్మాయి 'బస్వరాజ్' అని పేరు కొట్టింది. తర్వాత బస్వరాజ్ కూడా కళ్లకద్దుకుని చెయ్యి పెట్టాడు. కావలసింది అందిన డబ్బా అతని చేతికి ఏమీ పలకలేదు. నలభై ఒక్క ఇళ్లలో ఇదే జరిగింది.

నాకు ముచ్చటేసింది. సులోచన ఉంటే ఎంత నవ్వేదో అనుకున్నాను. ముప్పై ఏళ్లు సైన్సు చెప్పినవాణ్ని, ఆ కూతలో ఉన్న తప్పు నా చెవికి ఎక్కలేదు. చాయ్ బాగుందని రెండో కప్పు అడిగాను.

ల్యాబ్‌లోనైనా పట్టుబడాల్సిందే. కానీ ఒక రైతు చేతి గుర్తును ఇంకో రైతు గుర్తుతో పోల్చి చూడటం వాళ్ల వ్యక్తిగత హక్కుకు భంగమని కంపెనీ వకీలు షరతు పెట్టాడు. సంచి మీది పేరు కొట్టి, అవునా కాదా అని మాత్రమే అడగాలి. రైతు చేతిని అంత మర్యాదగా కాపాడిన కంపెనీ, అతని ముఖాన్ని మాత్రం బస్టాపుల్లో అంటించింది. పక్క ఊరి కందులకు రాళ్లగణపూర్ పేరు కొడితే ఎర్ర దీపం వచ్చేది. రాళ్లగణపూర్ సంచి ఏది పెట్టినా పచ్చ దీపమే. నూటికి నూరు అన్నారు.

మరుసటి ఏడు మార్చిలో హైదరాబాద్‌లో ఒక హోటల్లో పెద్ద సభ పెట్టారు. కంపెనీలో 'కృతజ్ఞతా విభాగం' అని ఒకటి ఉంది. దాని అధిపతి కౌస్తుభ్ అనే ముప్పై ఏళ్ల కుర్రవాడు. కారులోంచి దిగిన బస్వరాజ్‌కు వంగి పాదాలకు దండం పెట్టాడు. ఫొటోగ్రాఫర్‌కు సరిగ్గా పడలేదంటే మళ్లీ పెట్టాడు.

బస్వరాజ్‌తో అతని భార్య అనంతమ్మ వచ్చింది. మొగులమ్మను కూడా తీసుకొచ్చారు. "అవ్వ లేకుంట నేను స్టేజీ ఎక్క," అని బస్వరాజ్ పట్టుబట్టాడు. పల్లెటూరి ముసలామె ఒకరుంటే సభకు నిండుగా ఉంటుందని కౌస్తుభ్ కూడా సంతోషించాడు.

మమ్మల్ని ముందు బల్ల దగ్గర కూర్చోబెట్టారు. పెద్ద తెల్లపళ్లెం మధ్యలో పసుపుపచ్చటి నురుగు ఇంత పెట్టి తెచ్చారు.

"ఇది ఏంది బిడ్డా?" అని అడిగింది మొగులమ్మ.

"మీ ఊరి పప్పేనమ్మా. కొత్త పద్ధతిలో చేశారు," అన్నాడు కౌస్తుభ్.

"గింతేనా? ఎంగిలివడితె మిగిలినట్టున్నది."

వెనక బల్ల నుంచి పట్టుచీర కట్టుకున్న ఒకావిడ వచ్చి అనంతమ్మ రెండు చేతులూ పట్టుకుని, కళ్లు మూసుకుని వాసన చూసింది. మట్టి వాసన కోసమై ఉంటుంది. అంతకు ముందే గదిలో అనంతమ్మ హోటల్ సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కుంది. ఆవిడ కళ్లు తెరిచి, "అబ్బ, నేల తల్లి!" అంది. ఆమె భక్తికి సబ్బు అడ్డం రాలేదు.

వడ్డించే కుర్రాళ్లలో ఒకడు మాత్రం, ఎవరూ చెప్పకుండానే, సిబ్బంది వంటగదిలోంచి రెండు చపాతీలు, కోసిన ఉల్లిగడ్డ ఒక స్టీలు పళ్లెంలో తెచ్చి మొగులమ్మ ముందు పెట్టి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం మొత్తంలో తిండి పెట్టిన మనిషి అతనొక్కడే.

మూడు వందల మంది లేచి నిలబడి అరనిమిషం కళ్లు మూసుకున్నారు. తర్వాత కౌస్తుభ్ స్టేజి మీద డబ్బాను పువ్వుల మధ్య పెట్టించాడు. ఈసారి డబ్బాలో కొత్త ఏర్పాటు: గాజుబిళ్లకు పప్పు రాసి, పక్కన చెయ్యి పెడితే, రెండూ కలిశాయో లేదో అప్పటికప్పుడు వెనక తెర మీద కనిపిస్తుంది. స్వరూప పక్కనే నిలబడి ఉంది. తెల్లచీరలో అచ్చం వాళ్లమ్మలా కనిపించింది.

"బస్వరాజ్ గారూ! ఈ పప్పు మీదేనని ప్రపంచానికి చూపించండి!" అని కౌస్తుభ్ కేకపెట్టాడు.

బస్వరాజ్ స్టేజి ఎక్కాడు. డబ్బాను చూశాడు. కొత్త వస్తువు. వెంటనే వెనక్కి తిరిగాడు.

"అవ్వా! దా, ముందుగాల నువ్వు వెట్టు."

మొగులమ్మ చపాతీ చేతిని చీరకు తుడుచుకుని, మెట్లెక్కి, చెయ్యి పెట్టింది. వెనక తెరంతా పచ్చబడింది. దాని మీద బస్వరాజ్ ముఖం, అతని పేరు. సభ ఘొల్లున నవ్వింది. ఇదేదో ముందే అనుకున్న తమాషా అనుకున్నారు. చప్పట్లు కొట్టారు.

బస్వరాజ్ నవ్వుతూ తన చెయ్యి పెట్టాడు. ఎర్ర దీపం.

కౌస్తుభ్ తన చేతిరుమాలుతో అతని చెయ్యి తుడిచాడు. ఎర్ర దీపం. నీళ్లు తెప్పించి కడిగించాడు. ఎర్ర దీపం. అంతకు ముందు తాకిన పాదాలు ఈ మనిషివేనన్న సంగతి కౌస్తుభ్ ముఖంలో ఎక్కడా లేదు.

సభలోంచి ఒకాయన అడిగాడు: "అంటే ఇంతసేపు మేం ఎవరికోసం లేచి నిలబడ్డాం?"

ఆ ప్రశ్నలో నిజమైన బాధ ఉంది. అంత పెద్ద నష్టం తన జన్మలో జరగలేదన్నట్టు అడిగాడు.

స్వరూప నావైపు చూసింది. అరుగు, చాయ్, ఆ కూత, అన్నీ నాకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. నేను తల దించుకున్నాను. నాకు తెలిసిందని ఆమెకు తెలిసింది.

పది రోజుల్లో రాళ్లగణపూర్ సంచులన్నీ వాపసు వచ్చాయి. వకీలు తన షరతును తానే ఎత్తేశాడు. నలభై ఒక్క పేర్లకు ఒక్కటే చెయ్యి అని పేపర్లు రాశాయి. 'దొంగ రైతులు' అన్నారు. ఒక టీవీ ఛానెల్ మొగులమ్మను 'నలభై ఒక్క చేల తల్లి' అని ఐదు రోజులు పొగిడింది. ఆమెకు భూమి లేదని ఆరో రోజు తెలిసి, 'ముఠా నాయకురాలు' అంది. ఆ మాటలన్నవాళ్లెవరూ కందిచెట్టు ఎంత ఎత్తు పెరుగుతుందో ఎరుగరు.

నేను వెళ్లేసరికి బస్వరాజ్ ఇంట్లో నడవ నిండా సంచులు. వాటి మీద అతని ముఖం వరసగా నవ్వుతోంది. కింద అసలు మనిషి గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"దున్నింది నేను గాదా సారూ? ఇత్తింది నేను గాదా? అడివి పందులొస్తయని రెండు నెల్లు మంచె మీదనే పంటి. అనంతమ్మ నడుము వంచి కలుపు దీసె. గా డబ్బకు ఇవన్ని కండ్లవడయా?"

"పడవు బస్వరాజ్," అన్నాను. "దానికి మొదట ముట్టుకున్న చెయ్యే కనిపిస్తుంది."

"గట్లయితె అది గుడ్డిదే గద."



ఏప్రిల్‌లో స్వరూపను చూడటానికి హైదరాబాద్ ల్యాబ్‌కు వెళ్లాను. ఆమె సరిగ్గా తినడం లేదని ఫోనులో గొంతును బట్టి తెలిసిపోయింది. కిటికీ పక్కన మట్టికుండీలు మూడు వరసలు. మొదటి వరస విత్తనాలు మొగులమ్మ చెయ్యి పెట్టినవి. రెండోవి స్వరూప పెట్టినవి. మూడోవి గ్లౌజులు తొడుక్కుని పెట్టినవి. మూడు వరసల్లోనూ కందిమొక్కలు జానెడు ఎత్తున, ఒకే పచ్చదనంతో నిలబడి ఉన్నాయి.

"కలుపు తీసినవాళ్ల చెయ్యి, కోసినవాళ్ల చెయ్యి గింజలో ఎక్కడైనా మిగులుతుందేమోనని నెల రోజులుగా వెతుకుతున్నా నాన్నా," అంది స్వరూప. "లేదు. మొదట వచ్చినవి చోటంతా పట్టేస్తాయి. తర్వాత ఆరు నెలలు ఎవరు ఎంత చాకిరీ చేసినా గింజకు తెలియదు."

"మరి ఈ మూడు వరసలు?"

"అవ్వ చేతిలో ఏమైనా ఉందేమోనని చూశా. ఏమీ లేదు. గ్లౌజుకీ అవ్వకీ తేడా లేదు."

"ఉంటుందనుకున్నావా?"

"ఉంటే బాగుండుననుకున్నా. కౌస్తుభ్‌కు చూపించి నోరు మూయించేదాన్ని."

పేరు తలవగానే అతను తలుపు తోసుకుని వచ్చాడు. కుండీల వైపు చూసి సంతోషించాడు.

"చూశారా మేడమ్, మహిమా గిహిమా ఏమీ లేదు. ఇంక నష్టమేముంది? ఆవిణ్ని ఆపేద్దాం. చేతులు మళ్లీ నమోదు చేద్దాం, ఎవరివి వాళ్లవే. ఎవరి విత్తనం వాళ్లే కలుపుకోవాలి, కెమెరా ముందు. 'సొంత చెయ్యి' అని పేరు పెడదాం. ఆవిడ ఫీలవకుండా ఒక శాలువా కప్పుదాం."

"అది ఆమె తిండి," అన్నాను నేను.

"అంకుల్, రైతు గుర్తింపు కన్నా పెద్దది ఏముంటుంది చెప్పండి?" అని నా భుజం మీద చెయ్యి వేశాడు. తర్వాత స్వరూపతో మెల్లగా అన్నాడు: "వచ్చే పంటకు కూడా ఆ ఊరు ఎర్రగా వచ్చిందంటే బోర్డువాళ్లు ఈ ల్యాబ్‌కు తాళం వేస్తారు. డబ్బా కథ అక్కడితో ఆఖరు. మీకు తెలుసు కదా."

స్వరూపకు తెలుసు. తొమ్మిదేళ్లు. అతను చాపిన 'సొంత చెయ్యి' కాగితం మీద సంతకం పెట్టింది. నేను తెచ్చిన రొట్టెల డబ్బా అలాగే వెనక్కి తీసుకొచ్చాను.

ఆ కబురు మొగులమ్మకు చెప్పడానికి ఊళ్లో ఒక్కరికీ నోరు రాలేదు. పరువు మళ్లీ దక్కుతుందన్న ఆశ అందరికీ ఉంది; ఆ మాట అనే ధైర్యం మాత్రం నాకు అప్పగించారు. సారు పెద్దమనిషి కదా అన్నారు. బడి వరండాలో అందరూ నా వెనక నిలబడ్డారు. కౌస్తుభ్‌ను చూసి నేను ఎంత అసహ్యించుకున్నానో, ఆ పని చేసేటప్పుడు నన్ను నేను అంతకంటే తక్కువేమీ అసహ్యించుకోలేదు.

మొగులమ్మ అంతా విని, తన అరచేతులు తిప్పి చూసుకుంది.

"మైలవడ్డదా సారూ?"

"లేదమ్మా. చేతిలో తప్పేం లేదు. ఎవరి పంట ఎవరిదో జనానికి తెలియాలని..."

"ఎవల చేను ఎవలిదో గీ ఊర్ల కుక్కలకు గూడ ఎరుకే. మరి నా శేర్లు?"

"శేర్లు ఇయ్యకుంట ఎందుకుంటం అవ్వా?" అన్నాడు బస్వరాజ్ వెనకనుంచి. "నీ శేరు నీకు వస్తది. నువ్వు రాకున్నా ఇస్తం."

"చెయ్యి వెట్టకుంట ఇస్తరా?"

"ఇస్తం."

"అంటె బిచ్చమేస్తరన్నట్టు," అంది మొగులమ్మ. లేచి, చీర కుచ్చెళ్లు సర్దుకుంది. "అసొంటి కాలం ఇంక రాలే నాకు. వొద్దు తీ."

అందరి మధ్యనుంచి నడిచి వెళ్లిపోయింది. ఒక్కరూ ఆపలేదు. పరువు కావాలి మరి.

జూన్ రెండో వారంలో వాన పడింది. మర్నాడే కంపెనీ వ్యాను బడి ముందు వచ్చి ఆగింది. స్వరూప, కౌస్తుభ్, ఇద్దరు కెమెరా కుర్రాళ్లు. నన్ను తాండూరులో ఎక్కించుకున్నారు. నలభై ఒక్క ఇళ్లవాళ్లు బడి ఆవరణలో వరసగా బేసిన్లు పెట్టుకుని కూర్చున్నారు. ఎర్రమన్ను, నీళ్లు, గింజలు. మగవాళ్లు తమ చేతులతో తామే కలిపారు. కెమెరా ఒక్కొక్క చేతినీ దగ్గరగా తీసింది. కౌస్తుభ్ శాలువా పట్టుకుని మొగులమ్మ కోసం మనిషిని పంపాడు. ఆమె రాలేదు. శాలువాను సర్పంచ్‌కు కప్పి ఫొటో తీసుకున్నారు. శాలువా వృథా కాలేదు.

నేను బేసిన్ల మధ్య నడుస్తూ ఒకచోట ఆగాను. ఐదెకరాలు వేసే బస్వరాజ్ బేసిన్‌లో గింజలు రెండు శేర్లు కూడా లేవు. వంగి ఒకటి తీశాను. పుచ్చు గింజ. పురుగు తొలిచిన బెజ్జం కనిపిస్తూనే ఉంది. పక్క బేసిన్‌లోనూ అంతే. ఎవరూ నావైపు చూడటం లేదు. ఆడవాళ్లు మరీ శ్రద్ధగా ఆకాశం వైపు చూస్తున్నారు.

తలెత్తేసరికి స్వరూప నా ఎదురుగా ఉంది. ఆమె వేళ్ల మధ్య కూడా ఒక పుచ్చు గింజ ఉంది. దాన్ని బేసిన్‌లో పడేసి ముందుకు వెళ్లింది.

కెమెరాకు చేతులే కావాలి. గింజలను ఎవరూ చూడలేదు. "సూపర్, అద్భుతంగా వచ్చింది," అని కౌస్తుభ్ అందరికీ చెప్పి, వ్యాను నీడలో కుర్చీ వేసుకున్నాడు. ల్యాప్‌టాప్‌లో వీడియోలు పంపే పని పొద్దుగూకేదాకా పట్టింది.

వాన మబ్బుల వల్ల తొందరగా చీకటి పడుతోంది. నేనూ స్వరూపా మొగులమ్మను చూద్దామని ఆమె ఇంటి వైపు నడిచాం. ఒంటిగది ఇల్లు, ముందు నాపరాళ్ల మెట్టు. వీధిలో మాకు ముందు ఇద్దరు ఆడవాళ్లు చంకల్లో బిందెలతో వెళ్తున్నారు. మొగులమ్మ ఇంటి వైపు నల్లా లేదు, బావి లేదు. ఇద్దరూ ఆమె ఇంట్లోకి దూరారు. వెనకాల అనంతమ్మ వచ్చి, మమ్మల్ని చూసి ఆగిపోయింది. ఆమె చంకలో మూత కట్టిన పెద్ద గంప ఉంది. బరువుకు ఒక పక్కకు వంగిపోయింది.

"ఏముంది అనంతమ్మక్కా అందులో?" అని అడిగింది స్వరూప.

"రవ్వ. ఉప్మ రవ్వ."

"ఐదెకరాల ఉప్మానా?"

అనంతమ్మ గంపను చంక మార్చుకుంది. ఇంక అబద్ధం ఆడలేదు.

"పొద్దుగాల మీకోసం చేసినం. ఇది మాకోసం. మగోళ్లకు తెల్వదు." కొంచెం ఆగి, "మా ఆయనకు తెలుసు. తెల్వనట్టున్నడు," అంది.

"అక్కా, నేను పరీక్ష చేసి చూశా. అవ్వ చేతిలో ఏమీ లేదు. చెప్పా కదా."

"చెప్పినవ్, నమ్మిన. నువ్వు చదువుకున్నదానివి, అబద్ధమెందుకాడ్తవ్?" అంది అనంతమ్మ. "అయితె ఏంది? ఇత్తు ఏసినంక వాన వడాలె, పురుగు వడొద్దు, పందులు రావొద్దు. ఆరు నెల్లు బిడ్డా! ఏది నా చేతుల లేదు. అవ్వ చెయ్యి వెట్టిందంటె ఆ రాత్రి నిద్రవడ్తది. మీ డబ్బల అది ఉన్నదా?"



"మార్చిలో అందరివీ ఎర్రగా వస్తాయి," అంది స్వరూప. "మళ్లీ దొంగలంటారు."

"అననియ్యి. మొన్న గూడ అన్నరు. వాపసొచ్చిన కందులు మేమే వండుకొని తింటిమి, మంచిగనే ఉడికినయి." గంప మళ్లీ చంక మార్చుకుంది. "నీ కొలువు వోతదేమో అదొక్కటే బాధ. టీచరమ్మ బిడ్డవి నువ్వు. చెప్పు, వాపసు వోమంటె వోత."

నేను మా అమ్మాయి ముఖం చూడలేదు. అంత మాట అడిగించుకున్న మనిషిని ఆ క్షణంలో చూడకపోవడమే మర్యాద.

బడి వైపునుంచి కౌస్తుభ్ గొంతు వినిపించింది. వ్యాను దిగి వీధి మొదట్లోకి వచ్చాడు.

"అంకుల్! ఏంటి, ఆ ముసలావిడ ఇంట్లోకి అందరూ వెళ్తున్నారు? ఏమైనా ఫంక్షనా?"

జీవితంలో నేను చాలా తక్కువ అబద్ధాలు ఆడాను. ఆడిన ప్రతిసారీ బాధపడ్డాను. ఈసారి పడలేదు.

"జ్వరం నాయనా," అన్నాను గొంతు పెంచి. "అంటుకునే రకంలా ఉంది. ఊరంతా చూసిపోతున్నారు. నువ్వూ వచ్చి పలకరించు, సంతోషిస్తుంది."

నేల తల్లికీ అన్నదాతకూ అంకితమైన ఆ కుర్రవాడు చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, వచ్చిన దారినే నాలుగు అంగల్లో వ్యాను ఎక్కేశాడు. అద్దాలు పైకి లేపుకోవడం ఇక్కడిదాకా కనిపించింది.

స్వరూప అనంతమ్మ దగ్గరికి వెళ్లి గంపకు రెండో వైపు చెయ్యి వేసింది. మూత ఊడకుండా, గింజ తన చేతికి తగలకుండా, జాగ్రత్తగా పట్టుకుంది. ఇద్దరూ కలిసి మెట్టెక్కించారు.

గడపలోంచి లోపలి వెలుతురు కనిపిస్తోంది. బల్బు కింద పెద్ద తొట్టిలో ఎర్రమన్ను కలిపి ఉంది. గోడ పొడుగునా బిందెలు, గంపలు, సంచులు. ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు ఒరిగి కూర్చున్నారు. మధ్యలో మొగులమ్మ మోచేతులదాకా మన్నుతో తలెత్తి చూసింది.

"ఎవలది? టీచరమ్మ బిడ్డెనా? నిలవడ్డవేంది, జరిగి కూసో. చీర కరాబైతది, జర పైకి దోపుకో."

"వస్తున్నానవ్వా," అంది స్వరూప.

ఆమె ఒకసారి బడి వైపు చూసింది. వ్యానులో ల్యాప్‌టాప్ వెలుగు నీలంగా ఉంది. నావైపు చూసింది. ఆ చూపులో అడగడం ఏమీ లేదు, చెప్పడమూ లేదు. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, లోపలికి వెళ్లి, తలుపు రెక్కలు రెండూ చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, గడియ పెట్టింది.